ఊళ్లో ఉండాల్సిన బండి

అక్కుపల్లి తీరంలో ఊపిరందక పడిపోయాడన్న మనిషి కోసం స్ట్రెచర్ దింపి సరుగుడు తోటంతా గాలించిన నాగసుధకి, అక్కడ అలాంటి మనిషే లేడని తేలింది.

తోట చివర ఇసుకలో కూర్చుని వల బాగుచేసుకుంటున్న ఇద్దరు తలెత్తి చూశారు.

“ఎవులికమ్మా, బాగోనేదా?”

“ఎవరో పడిపోయారని ఫోనొచ్చింది. మాట లేదట, ఊపిరాడడం లేదట. మీరేమైనా చూశారా?”

“పొద్దున్నుంచీ ఈడే ఉన్నాం. పడిపోనోడు ఎవుడూ అగుపడనేదు. పడుకున్నోడైతే ఉన్నాడు,” అంటూ ఒకతను పడవ నీడలో గురక పెడుతున్న ఆకారాన్ని చూపించాడు. “మా బావ. తాగీసి పడుకున్నాడు. నీకు పనికొత్తే తీసుకుపో, మా అప్ప ఏటీ అనదు.”

రెండోవాడు పకపకా నవ్వాడు. నాగసుధ నవ్వలేదు. వెళ్లి ఆ మనిషి నాడి పట్టుకుని చూసింది. దిట్టంగానే ఉంది. వాడు కళ్లు తెరవకుండానే ఆమె చేతిని తోసేసి అటు తిరిగి పడుకున్నాడు.

ఫోన్ చేసిన నంబరుకి మళ్లీ చేసింది. స్విచాఫ్.

“మావా, ఇదీ ఖాళీయే,” అంది బండి దగ్గరికొచ్చి.

నూట ఎనిమిది బండి నడిపే ఢిల్లీబాబుది టెక్కలి. ఉద్యోగం పేరు పైలట్ గాని, ఆ మాట ఎవరైనా అంటే అతనికే నవ్వొస్తుంది. స్టీరింగు మీద గడ్డం ఆనించి, “ఆటో దొరికుంటాదిలే, ఎక్కించీసి ఎల్లిపోయుంటారు. మనోల్లకి ఆగడం తెల్దు కదేటి,” అన్నాడు.

అదీ నిజమే. ఈ తీరం వెంబడి ఊళ్లలో బండికి ఫోన్ చేస్తారు, ఈలోగా వీధిలో ఏది కదిలితే దాంట్లో మనిషిని వేసుకుని బయల్దేరతారు. మళ్లీ ఫోన్ చేసి రావద్దని చెప్పాలని ఎవరికీ తోచదు. అందుకే ఈమధ్య ఇలాంటి ఖాళీ కేసులు ఎక్కువైనా నాగసుధకి అనుమానం రాలేదు. కంట్రోల్ రూముకి ఫోన్ చేసి, పేషెంటు లేడు, కేసు మూసేయమని చెప్పింది. రాష్ట్రంలో ఏ మూల నుంచి నొక్కినా ఆ నంబరు మోగేది ఎక్కడో దూరాన ఒక్క హాల్లోనే.

ఆమె బండి తలుపు వేసిందో లేదో, ఫోను మోగింది.

“మేడమ్, పాము కాటు. మీ ఊరు పనసపుట్టుగే. జీడితోటలో. పేషెంటు పేరు ధర్మారావు.”

నాగసుధ చేయి తలుపు మీదే ఉండిపోయింది. ధర్మారావు ఆమె బావ. సొంత అక్క సరోజిని మొగుడు.

“ఎప్పుడొచ్చింది ఈ కాల్?”

“మీరు అక్కుపల్లి దారిలో ఉన్నప్పుడే వచ్చింది మేడమ్. ఊపిరాడని కేసు మీద వెళ్తున్న బండిని మధ్యలో తిప్పకూడదు కదా. పలాస బండి కాన్పు కేసుతో శ్రీకాకుళం వెళ్లింది. టెక్కలి బండి హైవే యాక్సిడెంట్ మీద ఉంది. మీరు క్లోజ్ చేసేదాకా... మీకు తెలిసినవాళ్లా మేడమ్?”

ఢిల్లీబాబు ఆమె మొహం చూసి బండి తిప్పేశాడు.

సైరన్ మోతకి తోటల్లో కాకులు లేచాయి. కొబ్బరి పీచు ఆరబోసిన చోటల్లా బండి పక్కకు ఒరిగి మళ్లీ నిలబడుతోంది. నాగసుధ వెనక కూర్చుని ఆక్సిజన్ మాస్కు, ఆంబూ బ్యాగు చేతికందేలా పెట్టుకుంది. ఆంబూ బ్యాగంటే రబ్బరు సంచి. సొంతంగా ఊపిరి తీసుకోలేని మనిషికి మూతి మీద ఆనించి నొక్కితే అదే ఊపిరి పోస్తుంది. కరిచింది నాగుపామైతే ఆసుపత్రి చేరేదాకా మనిషికి కావలసింది అదే. విషానికి మందు పలాసలో ఉంది. మందు దాకా ఊపిరి నిలిపే సంచి ఈ బండిలో ఉంది. ఈ బండి నిలబడే రేకుల షెడ్డు వెనక గోడ దూకితే బావ జీడితోట.

ఆ షెడ్డు అక్కడికి రావడం వెనక పెద్ద కథే ఉంది. ఒకప్పుడు పనసపుట్టుగ అంతటికీ ఫోను పోస్టాఫీసులోనే. చెవికి ఆనిస్తే సముద్రం హోరు తప్ప ఏమీ వినపడేది కాదని పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే నులకమంచానికి కర్రలు కట్టి పూండి దాకా మోయడమే. తర్వాత ఎస్టీడీ బూతు వచ్చింది. పలాస ట్యాక్సీ స్టాండుకి ఫోన్ చేస్తే వాడు బేరం కుదిరాకే కదిలేవాడు. ఆ తర్వాత రాష్ట్రమంతటికీ కలిపి పైసా ఖర్చులేని ఆ నంబరు వచ్చింది. వచ్చిందిగాని, బండి పలాసలోనే ఉండేది. అది ఈ ఇసుక దారుల్లో పడి వచ్చేసరికి సగం మంది ఆటోల్లోనే ప్రాణాలు వదిలేవారు.

కిడ్నీ జబ్బు లేని వీధంటూ లేని ఊళ్లివి. నీరు చేరి ఆయాసం ఎప్పుడు మొదలవుతుందో తెలియదు. అప్పుడు రమణమూర్తి మాస్టారు పూనుకున్నారు. ఊరి బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆయన కిడ్నీలూ పోయాయి. రోగులందరినీ కూడగట్టి, టెక్కలిలో ఆఫీసు ముందు చాపలు పరిచి కూర్చోబెట్టి, చివరికి బండిని ఊళ్లోకి తెప్పించారు. బండి వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టింది ఆయనే. దాంట్లో ఉద్యోగానికి వచ్చిన నాగసుధ, ఆయన దగ్గర అక్షరాలు దిద్దుకున్న పిల్లే. “ఇప్పుడు చావు ఈ ఊరికి అడిగి రావాలి,” అన్నారు ఆయన, చెమ్మగిల్లిన కళ్లతో.

ఊళ్లో ఎవరికి బాగోలేకపోయినా ఆ నంబరుకి మాట్లాడేది కూడా ఆయనే. కంట్రోల్ రూము వాళ్లు అడిగే ప్రశ్నలకి జనం బెదిరిపోతారు. ఏ మండలం, ఏ గుర్తు, స్పృహ ఉందా, ఎన్నేళ్లు? మాస్టారికి చెబితే ఆయన వాళ్లతో మాట్లాడతారు. ఆయన డయాలసిస్ కోసం పలాసలో ఉన్నా సరే, ముందు ఆయనకే. ఇక్కడే కాదు, చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా అంతే. పట్నంలో ఉన్న చదువుకున్నవాడికి చెబితే వాడు బండికి చెబుతాడు. పేషెంటు ఒకచోట, ఫోను ఇంకోచోట ఉంటే కంట్రోల్ రూము కూడా ఆశ్చర్యపోవడం మానేసింది.

రెండు ఊళ్ల మధ్య మలుపులో ఆటో ఎదురైంది. ఢిల్లీబాబు బ్రేకు తొక్కకముందే నాగసుధ దూకింది.

“ఎక్కడికి పోనావే సుధా! బండి ఊళ్లో నేదేటే!” సరోజిని గొంతు అప్పటికే బొంగురుపోయింది. కాళ్లకి చెప్పుల్లేవు. ధర్మారావు తల ఆమె ఒళ్లో ఉంది.

“బావా, కళ్లు తెరు. నేను, సుధని.”

ధర్మారావుకి తెలివి ఉంది. కళ్లు తెరవమంటే కనుబొమలు రెండూ పైకి లేచాయిగాని రెప్పలు లేవలేదు. ఏదో అనబోయాడు. నాలుక తిరగక చొంగ కారింది. పొద్దున డయాలసిస్‌కని మాస్టారిని మోటారుసైకిలు మీద ఎక్కించుకుని పలాస బయల్దేరుతూ, షెడ్డు దగ్గర ఆగి, “మరదలు పిల్లా, నీ అంబులెన్స్ కన్నా నా హీరో హోండానే నయం, సైరన్ కూడా అక్కర్లేదు,” అని వేళాకోళం చేసి వెళ్లిన మనిషి.

బండిలోకి మార్చేసరికి ఊపిరి పైపైకి వచ్చేసింది. నాగసుధ బ్యాగు నొక్కడం మొదలుపెట్టింది. నొక్కింది, వదిలింది. ఛాతీ లేచింది, పడింది. బయట జీడిచెట్లు, తర్వాత పొలాలు, తర్వాత ఇళ్లు. ఎక్కడున్నామో ఆమె చూడలేదు. చేతులు తిమ్మిరెక్కాయి. మార్చుకోవడానికి రెండో మనిషి లేడు.

“బాగవుతాడా? సెప్పవే. బాగవుతాడా?” సరోజిని ఒకటే అడుగుతోంది.

“పట్టుకో అక్కా, చెయ్యి పట్టుకో.”

పలాస ఊరు కనపడుతుండగా సరోజిని నెమ్మదిగా అంది. “సుధా, సెయ్యి వదిలీసినాడే.”

నాగసుధ నొక్కుతూనే ఉంది. ఆసుపత్రిలో డాక్టరు వచ్చి ఆమె మణికట్టు పట్టుకుని ఆపేదాకా నొక్కుతూనే ఉంది. “కాస్త ముందు తెస్తే,” అనబోయి, ఆమె ఒంటి మీది యూనిఫాం చూసి ఆగిపోయాడాయన.

*

మర్నాడు శవం ముందు కూర్చున్నప్పుడు, ధర్మారావు అన్న గోవిందరావు లేచి నిలబడ్డాడు.

“ఊళ్లో ఉండాల్సిన బండి సముద్రం కాడ ఏటి సేత్తన్నాది? గాలికి తిరగడానికి ఎల్లినారా? సొంత బావ సచ్చిపోతంటే మరదలు బీచీలో ఉందా!”

నాగసుధ తల వంచుకుంది. చెప్పడానికి ఏముంది? ఫోనొచ్చింది, వెళ్లాను. ఎవరూ లేరు, వచ్చాను. ఆ మాటలు ఆమెకే వెగటుగా ఉన్నాయి.

అరుగు మీద నుంచి రమణమూర్తి మాస్టారు కర్ర పట్టుకుని లేచారు. సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిన ఎడమ చేతికి ఇంకా కట్టు ఉంది.

“ఆ పిల్లని ఎవరూ ఏమీ అనకండి. ఫోనొచ్చిన చోటికి వెళ్లడమే దాని పని. దాని తప్పు లేదు,” అన్నారు. ఆయనకి ధర్మారావంటే కొడుకుతో సమానమని ఊరందరికీ తెలుసు. గోవిందరావు కూర్చున్నాడు.

నాగసుధకి ఆ క్షణాన ఆయన కాళ్ల మీద పడాలనిపించింది.

డ్యూటీలో చేరిన రోజు సూపర్‌వైజరు శశిధర్‌కి ఫోన్ చేసింది. ఆయన నొచ్చుకున్నాడు. ఎవరో ఆకతాయి పని, పోలీసులకి రాస్తానన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “ఇదంతా పైకి వెళ్తే నీ బండికే ఇబ్బంది నాగసుధా. హైవే కూడలికి మార్చాలని ఎప్పటి నుంచో అంటున్నారు,” అన్నాడు.

ఆ మాట ఆమె అతని నోటే ముందొకసారి విన్నది. ఎండలు ముదరకముందు తనిఖీకి వచ్చి, షెడ్డు కింద కొబ్బరిబోండం తాగుతూ అన్నాడు. “హైవే మీద బండ్లు చాలక మేం తల పట్టుకుంటున్నాం, ఇక్కడ మీ బండి కునుకు తీస్తోంది. కేసులు లేని చోట బండి దేనికండీ? ఇలాగే ఉంటే మార్చేయమంటారు.” ఆ రోజు షెడ్డులో బల్ల మీద మాస్టారూ ఉన్నారు. ఆ తర్వాత కేసులు పెరిగాయి. శశిధర్ సంతోషించాడు.

పోలీసులు వచ్చేదాకా ఆగడం నాగసుధ వల్ల కాలేదు. బండి ఫోన్లో అక్కుపల్లి కేసు నంబరు ఇంకా ఉంది. నొక్కింది. ఈసారి మోగింది.

“అలో! ఎవులు?” ముసలి గొంతు. వెనక చేపల బేరం కేకలు.

“అమ్మా, పనసపుట్టుగ నూట ఎనిమిది బండి నుంచి మాట్లాడుతున్నాను. నీ పేరేంటి?”

“పైడితల్లి. బావనపాడు. ఏటమ్మా, నానేటి సేసినాను?”

“మొన్న మా బండికి ఫోన్ చేశావు. అక్కుపల్లిలో మనిషి పడిపోయాడని.”

“ఒలమ్మో! నాను సేయనేదు. ఎవులైనా సేత్తే పచ్చ బొత్తాం నొక్కడం, అయిపోనాక ఎర్ర బొత్తాం నొక్కడం, అంతే వొచ్చు నాకు. అంకెలు నొక్కడం మా కోడల్ని అడగాల.”

“మరి ఆ మధ్యాహ్నం ఫోను ఎవరి దగ్గరుంది?”

“మద్దేన్నమా? మద్దేన్నం నాను పలాసలో మిసనీ మీదున్నాను కదా, డయాలసీసుకి. కదలడానికి నేదు, మెదలడానికి నేదు. పక్క మంచం మాట్టారు అడిగినారు, పోను ఒకసారి ఇయ్యి పైడమ్మా, నా దాంట్లో సార్జింగు అయిపోనాది అని. ఇచ్చినాను. దిగినాక నాకు ఇచ్చీసినారు.” ఆమె గొంతులో గర్వం వచ్చింది. “బంగారం లాటి మనిసి. నాకు ఆల్లింటి కాడి నుంచి ఇడ్డెన్లు కూడా తెత్తారు. మీ కాడ పనసపుట్టుగే ఆయనది, తెల్దేటి?”

నాగసుధ ఫోను పెట్టేసింది. ఢిల్లీబాబు అద్దం తుడుస్తూ ఆమె వైపు చూశాడు. చూసి మళ్లీ తుడుచుకున్నాడు.

ఇందులో ఏముంది, అనుకుంది. ఎవరో అక్కుపల్లి నుంచి మాస్టారికి చెప్పి ఉంటారు. ఆయన నమ్మి బండికి చెప్పి ఉంటారు. ఎవడో ఆయన్ని మోసం చేశాడు. అంతే అయి ఉంటుంది. ఆయన ఫోన్లో చార్జింగు లేదు కాబట్టి పక్కవాళ్ల ఫోను అడిగారు.

అక్క ఇంటికి వెళ్లింది. సరోజిని వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంది. పొయ్యి మీద ఏమీ లేదు.

“అక్కా, బావకి కరిచిందని తెలియగానే ఎవరికి చేశావు?”

“ఎవులికి సేత్తాను? నీకు సెయ్యొద్దన్నావు కదా. నాకు సెప్తే బండి కదలదు, నంబరుకే సెప్పాల అన్నావు.” అందులో నిష్ఠూరం ఏమీ లేదు. ఉన్నా బాగుండేది. “ఆ నంబరోల్లు అడిగింది నాకు బోదపడదు. మాస్టారికి సేసినాను. ఒక్క రింగుకే ఎత్తినారు.”

“ఆయన ఫోన్‌కేనా?”

“ఆయనది కాక మరెవులది? నంబరుకి సెప్పి, మళ్లీ ఆయనే నాకు సేసినారు. బండి వస్తోందమ్మా, మనిషిని కదిపితే విషం ఎక్కుతుంది, అక్కడే ఉంచు అన్నారు. ఉంచినాను. సూసినాను, సూసినాను. రెప్పలు వాలిపోతంటే ఇంక ఉండలేక ఆటో ఎక్కించినాను. ముందే ఎక్కించీసుంటే బతికేవోడేటి, సుధా?”

నాగసుధ గోడకి జారగిలబడింది. అదే మంచం మీద, అదే మధ్యాహ్నం, మాస్టారి ఫోను ఒక్క రింగుకే పలికింది. దాన్నుంచి రెండుసార్లు మాట్లాడారు. చార్జింగు అయిపోయిన ఫోను కాదది.

ఇంటికి వెళ్లి ఆయన్ని అడగాలి. అడిగితే ఏమంటారు? ఒప్పుకుంటే ఏం చేయాలి? చెబితే పోలీసులు వస్తారు, మంచం దిగితే మిషన్ ఎక్కాల్సిన మనిషిని తీసుకుపోతారు. బండీ పోతుంది. ఊళ్లో ఆయాసంతో ఎవరు లేచినా మళ్లీ ఆటోనే. చెప్పకపోతే అక్క ముందు ఎలా కూర్చోవడం? ఎటు తిరిగినా గోడే. షెడ్డుకి తిరిగొచ్చి బల్ల మీద కూర్చుంది. కూర్చునే ఉంది.

*

ఆమె తేల్చుకోకముందే ఫోను తేల్చేసింది. పొద్దున్న డ్యూటీ మారగానే మోగింది.

“పనసపుట్టుగ మేడమ్. ఆయాసం, మాట రావడం లేదు. కిడ్నీ పేషెంటు. రమణమూర్తి. కాల్ చేసింది ఆయన భార్య.”

షెడ్డు నుంచి ఆ ఇంటికి సైరన్ వేసే వ్యవధి కూడా లేదు. వెంకటలక్ష్మమ్మ గుమ్మంలో ఏడుస్తూ నిలబడి ఉంది.

“డయాలసిస్‌కి పోనంటున్నారమ్మా. ధర్మారావు లేడు, నన్నెవరు తీసుకెళ్తారు అంటారు. ఆటో మాట్లాడతానంటే వద్దు, బండికి చెప్తానంటే వద్దు. ఆ నంబరు ముట్టుకోకు అన్నారు. ఇదే మొదటిసారి నేను మాట్లాడడం. అన్నీ సరిగ్గా చెప్పానామ్మా?”

“బాగా చెప్పారు పిన్నీ,” అంది నాగసుధ.

మాస్టారు మంచం పట్టెని రెండు చేతులా పట్టుకుని కూర్చుని ఉన్నారు. మొహం ఉబ్బిపోయింది. ఊపిరి తీస్తుంటే లోపల నీళ్లు మరిగినట్టు చప్పుడు. నాగసుధని చూసి కళ్లు దించుకున్నారు. ఆమె ఆయన్ని నిటారుగా కూర్చోబెట్టింది, మాస్కు పెట్టింది, ఆక్సిజన్ తిప్పింది. ఆమె చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. బావకి మాస్కు పెట్టిన చేతులే. వెంకటలక్ష్మమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టి తలుపు వేశారు.

పూండి రైలు గేటు పడి ఉంది. గూడ్సు.

ఢిల్లీబాబు సైరన్ మోగించాడు. గేటుమన్ రెండు చేతులూ ఎత్తి తిప్పాడు. బొగ్గు వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి కదిలీ కదలనట్టు పోతున్నాయి. బండి వెనక ఆటోలు, లారీ, ఎవరి హారన్లు వాళ్లు కొడుతున్నారు.

నాగసుధ ఆయన ఎదురుగా కూర్చుంది. పల్స్ చూసే క్లిప్పు వేలికి తగిలించి, అంకె వైపు చూస్తూ ఉండిపోయింది. ఆక్సిజన్ పట్టాక ఆయనకి కొద్దిగా తెరిపి వచ్చింది. చెయ్యెత్తి మాస్కు పక్కకి లాక్కున్నారు.

“పెట్టుకోండి మాస్టారూ. మాట్లాడకండి.”

“ఉండనీ. మళ్లీ... వీలు కుదరదు.”

“పైడితల్లితో మాట్లాడాను,” అంది నాగసుధ.

ఆయన తల ఊపారు. కాసేపు ఊపిరి కూడదీసుకున్నారు. బొగ్గు వ్యాగన్ల చప్పుడు మీదుగా, మాటకీ మాటకీ మధ్య ఆగుతూ, మొదలుపెట్టారు.

“అక్కుపల్లి ఫోను నేనే చేశాను సుధా. అదొక్కటే కాదు. మీరు వెళ్లి మనిషి లేక తిరిగొచ్చినవి, అన్నీ నావే. మంచం మీద పడుకుని, ఎవరి ఫోను అందితే ఆ ఫోనుతో. పని అయ్యాక దాన్ని ఆపేసి ఒళ్లో పెట్టుకునేవాణ్ని, నువ్వు తిరిగి చేస్తే నా గొంతు గుర్తుపడతావని. మన ఊరి పేరు చెబితే దొరికిపోతాను. అందుకని సముద్రం పక్క చోట్లు చెప్పేవాణ్ని.

శశిధర్ ఆ రోజు షెడ్డులో అన్న మాట నువ్వు మర్చిపోయి ఉంటావు. కేసులు లేని చోట బండి దేనికి అని. నాకది చెవిలోంచి పోలేదు. ఎంత తిరిగాను ఆ బండి కోసం! టెక్కలిలో నా పక్కన చాప మీద కూర్చున్నవాళ్లలో ఇప్పుడు ఎవరున్నారమ్మా? అందరూ పోయారు. వాళ్లు కూర్చుని తెచ్చిన బండి ఇది. వెళ్తుంది, వస్తుంది, కేసు కింద పడుతుంది, ఎవరికి నష్టం అనుకున్నాను. నా రక్తం మిషన్లో తిరుగుతుంటే నేను ఊరికి మేలు చేస్తున్నానని తృప్తిగా ఉండేది. నవ్వుకో. అలాగే ఉండేది.

ఆ పొద్దున ధర్మారావు నన్ను దింపి, చెప్పులు మంచం కింద సర్దిపెట్టి వెళ్లాడు. నేను పైడితల్లి ఫోను అడిగి అక్కుపల్లి కేసు చెప్పాను. దాన్ని ఆపి ఒళ్లో పెట్టుకున్నాను. అంతలో నా జేబులో సరోజిని ఫోను. వెంటనే నంబరుకి చేశాను సుధా, ఒక్క క్షణం కూడా ఆగలేదు. అది నమ్ము. ఆ అమ్మాయి చూసి చెప్పింది, సార్, మీ ఊరి బండి అక్కుపల్లి కేసు మీద వెళ్తోంది, ఇంకా చేరలేదు, చేరి పేషెంటుని చూసేదాకా తిప్పడానికి లేదు అని.

ఇంకా చేరలేదు అంది. నువ్వు ఇంకా దారిలోనే ఉన్నావు. అక్కడ ఎవరూ లేరమ్మా, వెనక్కి తిప్పు అంటే చాలు. నోటి దాకా వచ్చింది. మీకెలా తెలుసు సార్ అంటుంది. ఆ నంబరు చూస్తారు, పాత నంబర్లన్నీ చూస్తారు, బండి పట్టుకుపోతారు. పలాస బండి వస్తుందిలే, టెక్కలి బండి వస్తుందిలే, నాగు అయ్యుండదులే... ఇవన్నీ అనుకున్నాను. వాడు చచ్చిపోతాడని మాత్రం అనుకోలేదు. ఆ పిల్ల, లైన్లో ఉన్నారా సార్, ఇంకేమైనా చెప్పాలా, అని అడిగింది. రెండుసార్లు అడిగింది. ఏం లేదమ్మా, సరే, అని పెట్టేశాను.”